మన 'కొను', ఇంగ్లీషు 'సెల్ఫ్'

గత ఏడాది ఒకరోజు లంచ్ బ్రేక్‌లో ఐదో తరగతి బాబు ఒకడు మోచేయి గీరుకుపోయి సిక్ రూమ్‌కి వచ్చాడు. ఏమైందని నర్సు అడిగితే, తోడొచ్చిన స్నేహితుడు "దే హిట్ దెమ్‌సెల్వ్స్, మేడమ్" అన్నాడు. ఆవిడకు తెలుగు రాదు. తనకు అర్థమైనట్టు, పిల్లాడు తనే తగిలించుకున్నాడని రిజిస్టర్‌లో రాసేశారు. సాయంత్రం వాళ్ళ నాన్నగారు వచ్చి "మా వాణ్ణి ఇంకొకడు కొట్టాడంటుంటే, వీడే తగిలించుకున్నాడని ఎలా రాస్తారండీ?" అని నిలదీశారు. ఆయన కోపంలో న్యాయం ఉంది.

నిజానికి ఆ స్నేహితుడు అబద్ధం చెప్పలేదు. "వాళ్ళు కొట్టుకున్నారు" అని మనసులో అనుకుని, దాన్నే ఇంగ్లీషులో పెట్టాడు. తెలుగులో కొట్టుకున్నారంటే ఒకరినొకరు అనే. ఇంగ్లీషులో "దే హిట్ దెమ్‌సెల్వ్స్" అంటే మాత్రం ఎవరి చెంప వాళ్ళే వాయించుకున్నారని. అక్కడ రావలసింది "దే హిట్ ఈచ్ అదర్".

చిక్కంతా మన 'కొను' దగ్గరే ఉంది. కొట్టుకొను, వండుకొను, తెరుచుకొను, నేర్చుకొను అంటూ అది నాలుగైదు రకాల పనులు చేస్తుంది. 'సెల్ఫ్' చేసే ముఖ్యమైన పని ఒక్కటే. పని చేసినవారూ, ఆ పని ఎవరి మీద జరిగిందో వారూ ఒకరే అని చెప్పడం. "హీ హర్ట్ హిమ్" అంటే దెబ్బ వేరే అబ్బాయికి తగిలింది. "హీ హర్ట్ హిమ్‌సెల్ఫ్" అంటే తనకే తగిలింది.

పిల్లలు 'మై డైలీ రొటీన్' రాసేటప్పుడు గమనించండి. "చేతులు కడుక్కున్నాను" అంటే ఎవరి చేతులో మనం వేరే చెప్పం, 'కొను' చెప్పేస్తుంది. అందుకే పిల్లలు ఇంగ్లీషులోనూ "ఐ వాష్డ్ హ్యాండ్స్" అని వదిలేస్తారు. అక్కడ ఇంగ్లీషుకు 'మై' కావాలి. "ఐ వాష్డ్ మై హ్యాండ్స్", "ఐ కోంబ్డ్ మై హెయిర్". కత్తితో వేలు కోసుకుంటే "ఐ కట్ మై ఫింగర్". వేలి మాట ఎత్తకుండా చెబితే "ఐ కట్ మైసెల్ఫ్". శరీర భాగం పేరు వచ్చినప్పుడు మన 'కొను' చాలావరకు 'మై', 'యువర్', 'హిజ్'గా మారుతుందని చెబితే మూడో తరగతి పిల్లలకు కూడా పట్టుబడుతుంది.

"అన్నం వండుకున్నాను" అన్నచోట 'ఫర్' కలపాలి, "ఐ కుక్డ్ ఫర్ మైసెల్ఫ్" అని. నేర్చుకున్నాను, పడుకున్నాను, కూర్చున్నాను లాంటివాటికి మామూలుగా ఏదీ అక్కర్లేదు. "తలుపు తెరుచుకుంది"కి "ది డోర్ ఓపెన్డ్" చాలు. దానంతటదే తెరుచుకుందని నొక్కి చెప్పాలంటే 'బై ఇట్‌సెల్ఫ్' చేర్చాలి. ('బై' లేకుండా అంటే దయ్యాల కథలా ఉంటుంది. క్లాసులో ఈ ఉదాహరణకు గిరాకీ ఎక్కువ.)

ఉండాల్సిన చోట 'సెల్ఫ్' మాయమవడమూ ఉంది. పిక్నిక్ ఎలా జరిగిందంటే "ఐ ఎంజాయ్డ్" అని ఆగిపోతారు. దేన్ని ఎంజాయ్ చేశారో చెప్పాలి, లేదా "ఐ ఎంజాయ్డ్ మైసెల్ఫ్" అనాలి. విందులో "హెల్ప్ యువర్‌సెల్ఫ్" అంటే మొహమాటపడకుండా వడ్డించుకోమని. మా స్కూల్ డే భోజనాల దగ్గర ఒక చిన్నవాడు, ఇక్కడ ఎవరూ సాయం చేయరన్నమాట అనుకుని ఖాళీ ప్లేటుతో చాలాసేపు నిలబడిపోయాడు.

కొంతమంది పిల్లలు 'హిస్‌సెల్ఫ్', 'దెయిర్‌సెల్వ్స్' అంటారు. దయచేసి నవ్వకండి. 'మైసెల్ఫ్'లో 'మై', 'యువర్‌సెల్ఫ్'లో 'యువర్' ఉన్నప్పుడు 'హిస్‌సెల్ఫ్' అనడం న్యాయమే కదా! వంకర ఇంగ్లీషులోనే ఉంది. ఈ మాటలు మొత్తం 8. ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తే నెల రోజుల్లో అవే వచ్చేస్తాయి.

ఇంకొకటి, ఇది మన పెద్దవాళ్ళ గురించే. పేరెంట్-టీచర్ మీటింగ్‌లో చాలామంది "మైసెల్ఫ్ ఫలానా" అని పరిచయం చేసుకుంటారు. పిల్లలు పక్కనే నిలబడి వింటారు, మర్నాడు క్లాసులో అలాగే లేచి చెబుతారు. అక్కడ "ఐ యామ్" లేదా "మై నేమ్ ఈజ్" అనాలి. 'మైసెల్ఫ్' అంటే మర్యాదగా ఉంటుందన్నది ఒక భ్రమ. డైరీలో "ప్లీజ్ కాంటాక్ట్ మైసెల్ఫ్" అని రాయడమూ ఇలాంటిదే, "కాంటాక్ట్ మి" సరిపోతుంది.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడితే ఈ తప్పులు పోతాయా అని కొందరు అడుగుతుంటారు. తెలుగు మానేయాల్సిన పని లేదని నా అభిప్రాయం. బాబు "హీ హర్ట్ హిమ్‌సెల్ఫ్" అన్నప్పుడు, "ఎవరికి తగిలింది నాన్నా? వాడికా, నీకా?" అని తెలుగులోనే అడగండి. జవాబు చెబుతూ వాక్యం తనే దిద్దుకుంటాడు.

ఆ రిజిస్టర్ ఎంట్రీని మర్నాడే మార్చాం. పిల్లలిద్దరినీ పిలిచి, జరిగింది తెలుగులో చెప్పించుకుని, 'ఈచ్ అదర్' అని రాసి, ఇద్దరి తల్లిదండ్రుల చేతా సంతకాలు పెట్టించాం.