సంక్లిష్ట ఘటన అంటే కష్టమైన ఘటనా?

కంప్యూటర్ రంగంలో 'కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్' అనే మాట ఒకటి ఉంది. నిఘంటువు తీసి చూస్తే కాంప్లెక్స్ అంటే చిక్కైనదని ఉంటుంది. ఈవెంట్ అంటే ఘటన. అందుచేత కొందరు దీన్ని 'చిక్కైన ఘటనలను విడమరచే విద్య' అనుకుంటారు. మరికొందరు 'ఘటనలను చిక్కైన లెక్కలతో తేల్చే విద్య' అనుకుంటారు. రెండూ సరికావు. మరి అసలు అర్థం ఏమిటి?

మీ తెలుగు వ్యాకరణ పాఠం గుర్తు తెచ్చుకోండి. 'లక్ష్మి బడికి వెళ్ళి, పాఠం విని, ఇంటికి వచ్చింది.' ఇది సంక్లిష్ట వాక్యం. ఇందులో కష్టమేముంది? ఒకటో తరగతి పిల్ల కూడా ఇలా మాట్లాడుతుంది. మూడు సామాన్య వాక్యాలు కలిసి ఒక్క వాక్యమయ్యాయి కనుక దానికి ఆ పేరు వచ్చింది. సంక్లిష్ట ఘటన కూడా ఇటువంటిదే. కొన్ని చిన్న ఘటనలను కలిపి చూసినప్పుడు మనకు తెలిసే పెద్ద ఘటనే సంక్లిష్ట ఘటన.

ఒక ఉదాహరణ చూద్దాం. తెలకపల్లి దగ్గర బోరు కింద వరి వేసిన రైతు ఒకరున్నారనుకోండి. కరెంటు వచ్చింది. మోటారు తిరుగుతోంది. ఐదు నిమిషాలైనా పైపులోంచి నీళ్ళు రాలేదు. కరెంటు రావడం వింత కాదు, మోటారు తిరగడం వింత కాదు. కాని మూడు విషయాలూ కలిపి చూడగానే, 'బోరులో ఏదో తేడా వచ్చింది' అని రైతు గ్రహిస్తాడు. పరుగున వెళ్ళి మోటారు ఆపుతాడు. లేకపోతే అది కాలిపోతుంది గదా!

ఇందులో మూడు సంగతులు గమనించండి. మొదటిది, ఘటనలను విడివిడిగా కాక కలిపి చూడాలి. రెండవది, కాలం ముఖ్యం. నీళ్ళు పైకి రావడానికి కొంత వ్యవధి ఇవ్వాలి. మూడవది, జరగవలసింది జరగకపోవడం కూడా ఒక వార్తే. ఈ మూడింటినీ నియమాలుగా రాసి కంప్యూటరుకు అప్పగించడమే కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్. ఒకే బ్యాంకు కార్డును హైదరాబాదులో వాడిన పది నిమిషాలకే ఢిల్లీ దుకాణంలోనూ గీకారనుకోండి. ఏ ఒక్కదాన్ని చూసినా తప్పు కనిపించదు. రెండూ కలిపి చూస్తేనే మోసం బయటపడుతుంది.

1990ల దశాబ్దంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ లక్‌హామ్ బృందం ఈ విషయంపై పరిశోధన చేసింది. 2002లో ఆయన రాసిన గ్రంథంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. పేరుతోపాటు అపార్థమూ వ్యాపించింది. అందుకని ఈ రంగంలోని వారు ఒక పదకోశం తయారు చేసుకున్నారు. అందులో సంక్లిష్ట ఘటనకు ఇచ్చిన ఉదాహరణల్లో 2004 నాటి సునామీ ఒకటి. అనేక ప్రకృతి ఘటనలను కలిపి మనం పెట్టుకున్న పేరే 'ఆ సునామీ' అన్నమాట.

ఆ సునామీ సంగతే చూడండి. 2004 డిసెంబరు 26 ఉదయం సుమారు 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర సముద్రంలో భూకంపం వచ్చింది. రెండు గంటలు దాటాక అలలు తమిళనాడు, ఆంధ్ర తీరాలను తాకాయి. భూకంపం సంగతి పరికరాలకు అందింది. కాని దాన్ని సముద్రం కబురుతో జతచేసి తీరప్రజలను హెచ్చరించే ఏర్పాటు ఆనాడు హిందూ మహాసముద్రంలో లేదు. రెండు గంటల వ్యవధి వృథా అయింది. వేలాది ప్రాణాలు పోయాయి.

ఇప్పుడా పని మన హైదరాబాదులోనే జరుగుతోంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. భూకంప లేఖినులు ఒకవైపు, సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కొలిచే యంత్రాలు మరోవైపు, తీరంలో నీటిమట్టం కొలిచే పరికరాలు ఇంకోవైపు సమాచారం పంపుతుంటాయి. ఎక్కడ ఎంత భూకంపం వస్తే ఏ తీరానికి ఎంత అల రావచ్చో ముందే లెక్కకట్టి ఉంచారు. ఆ లెక్కతో కొత్త కబుర్లను పోల్చి చూస్తారు.

ఇక్కడ ఇంకొక పొరపాటుకు తావుంది. ఘటన వేరు, దాని కబురు వేరు. ముందు జరిగిన దాని కబురు వెనుక అందవచ్చు. కనుక కబురు చేరిన వేళను కాక, ఘటన జరిగిన వేళను బట్టి వరుస కట్టాలి.

2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రా దగ్గర మళ్ళీ 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఈ కేంద్రం నిమిషాల్లోనే హెచ్చరిక పంపింది. కాని ఈసారి భూఫలకాలు ప్రధానంగా పక్కకు జరిగాయి. సముద్రపు అడుగు పెద్దగా పైకి లేవలేదు. నీటిమట్టం కొద్దిగానే మారిందని పరికరాలు తెలిపాయి. ఆ సాయంత్రమే హెచ్చరికను ఉపసంహరించారు. భూకంపం ఒక్కటే చూసి ఊరుకుంటే జనం రోజంతా భయంతో గడిపేవారు. అల కనిపించేదాకా ఆగితే, అది నిజమైన సునామీ అయిననాడు ప్రాణాలు పోతాయి.

కాబట్టి ఈ విద్యలో కీలకం కంప్యూటర్ వేగం ఒక్కటే కాదు. ఏ ఘటనను దేనితో, ఎంత వ్యవధిలో కలపాలో చెప్పే నియమం సరిగా ఉండాలి. నియమం తప్పైతే ఎంత పెద్ద యంత్రమైనా తప్పే చెబుతుంది. ఆ నియమం రాయవలసింది మనిషే.

మీరూ ఒకటి తయారు చేసి చూడండి. 'ఈ రోజు బస్సు రాదు' అని బస్టాపులో నిలబడినవారు ఎలా తేల్చుకుంటారు? జరిగినవేవి, జరగనివేవి, ఎంతసేపట్లో? మూడు వాక్యాలుగా రాయండి. తరువాత ఆ మూడింటినీ కలిపి ఒకే సంక్లిష్ట వాక్యం చేయండి.