రాత్రి పూట పరుగు

2022 మార్చి నెల. ఢిల్లీ పక్కన ఉన్న నోయిడా పట్నం. రాత్రి బాగా పొద్దుపోయింది. వీపున సంచి తగిలించుకుని ఒక కుర్రాడు రోడ్డు మీద పరుగెత్తుతున్నాడు. కారులో పోతున్న ఒక సినిమా దర్శకుడు అతన్ని చూశాడు. ఇంటి దగ్గర దింపుతాను, కారెక్కమన్నాడు. కుర్రాడు ఎక్కనన్నాడు. ఎందుకు?

అతనిది ఉత్తరాఖండ్ రాష్ట్రం. వయసు 19 ఏళ్ళు. నోయిడాలో ఒక హోటల్లో పని. మిలటరీలో చేరాలని అతని కోరిక. చేరాలంటే పరుగులో నెగ్గాలి. పొద్దున లేస్తే వంట పని. తర్వాత డ్యూటీ. మరి పరుగు సాధన ఎప్పుడు చేయాలి? అందుకే డ్యూటీ దిగాక 10 కిలోమీటర్లు పరుగెత్తుకుంటూ ఇంటికి పోయేవాడు. ఇంటికి పోయాక తనకూ, అన్నకూ వంట చేయాలి. కారెక్కితే ఆ రోజు పరుగు పోయినట్టే. అదీ సంగతి.

దర్శకుడు తీసిన ఆ వీడియోను దేశమంతా చూసింది. శభాష్ అంది.

ఆ కుర్రాడి బదులు ఒక ఆడపిల్ల పరుగెత్తి ఉంటే? శభాష్ అనేవారా? ఇంత రాత్రి నీకేం పని అని అడిగేవారా?

ఆడపిల్లలకూ పరుగు కావాలి. 2022లో తెలంగాణలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డాయి. ఆడవాళ్ళు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లలో పరుగెత్తాలని నియమం. సాధన లేకుండా అది కుదరదు. పగలంతా షాపులో నిలబడే పిల్లకు మిగిలేది తెల్లవారుజాము, లేదంటే రాత్రి. కానీ చీకటి పడితే ఇంట్లో వాళ్ళకు భయం.

ఆ భయం ఉత్తది కాదు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో రాత్రి డ్యూటీలో ఉన్న ఒక డాక్టరమ్మపై అత్యాచారం, హత్య జరిగాయి. అది విని ఆడవాళ్ళు ఇళ్ళలో దాక్కోలేదు. ఆగస్టు 14 అర్ధరాత్రి వేలమంది రోడ్ల మీదికి వచ్చారు. రాత్రి మాది కూడా అన్నారు.

వాళ్ళ మాట న్యాయమే. దేశంలో ఎక్కడైనా స్వేచ్ఛగా తిరిగే హక్కు పౌరులందరికీ ఉంది. రాజ్యాంగం 19వ అధికరణంలో ఆ మాట ఉంది. అది పగటికే అని లేదు. మగవాళ్ళకే అని లేదు.

అయితే హక్కు కాగితం మీద ఉంటే చాలదు. రోడ్డు మీద వెలుగు ఉండాలి. మనుషులు తిరుగుతూ ఉండాలి. పొద్దుపోయాక కూడా బస్సులు నడవాలి.

పరుగెత్తే వాళ్ళూ కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. ఇద్దరు ముగ్గురు కలిసి పోవడం మేలు. తెల్లటి బట్టలు వేసుకుంటే బండ్ల వాళ్ళకు కనిపిస్తారు. రోడ్డుకు కుడి పక్కన పరుగెత్తితే ఎదురొచ్చే బండ్లు తెలుస్తాయి. ఆపద వస్తే 112కి ఫోన్ చేయాలి.

మరి వీధి దీపం వెలగకపోతే? పట్నంలో అయితే మున్సిపాలిటీకి, ఊళ్ళో అయితే పంచాయతీకి అర్జీ పెట్టాలి. ఏ వీధి, ఎన్ని స్తంభాలు, ఎన్నాళ్ళ నుంచి వెలగడం లేదు, అన్నీ రాయాలి. కింద వీధి ఆడవాళ్ళంతా సంతకాలు చేయాలి. నిన్న వేలిముద్ర వేసిన చేతులే ఈ రోజు ఆ అర్జీ రాయగలవు.