మిరపచేలో కాదు, ఆటోలో!

2020 మార్చి ఆఖరు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతలు జోరుగా సాగుతున్నాయి. కల్లాల్లో కాయ ఆరుతుండగానే కరోనా వల్ల దేశమంతా లాక్‌డౌన్‌ పడింది. సీజన్లో రోజుకు లక్షకు పైగా టిక్కీలు (బస్తాలు) దిగే గుంటూరు మిర్చి యార్డు ఆగిపోయింది. ఊళ్లలో కుర్రాళ్లు పొలిమేరల దగ్గర ముళ్లకంప అడ్డం వేసి, ‘మా ఊరికి రావొద్దు, మీ ఊరికి రాం’ అని బోర్డులు కట్టారు. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి పిల్లాపాపలతో కోతలకు వచ్చిన కూలీలు చేల గట్ల మీది గుడారాల్లోనే చిక్కుకుపోయారు.

అంత కష్టపడి పాటించిన దూరం రోగాన్ని ఎంతవరకు ఆపింది? జవాబులో కొంత భాగం మన రాష్ట్రం నుంచే దొరికింది. అంటువ్యాధుల పరిశోధకుడు రమణన్‌ లక్ష్మీనారాయణ్‌ బృందం ఆంధ్రప్రదేశ్‌, తమిళనాడు ఆరోగ్యశాఖల వారితో కలిసి, 84,965 మంది కరోనా బాధితులతో మెలిగిన 5,75,071 మంది వివరాలను పరిశీలించింది. ఆ అధ్యయనం 2020 సెప్టెంబరులో ‘సైన్స్‌’ పత్రికలో వచ్చింది. లాక్‌డౌన్‌ కాలంలో రెండు రాష్ట్రాల్లోనూ వ్యాప్తి వేగం తగ్గినట్టు అందులో తేలింది.

అయితే నన్ను పట్టి ఆపింది వేరే అంకె. రోగి నుంచి ఇంట్లోవాళ్లకు సోకే అవకాశం 9 శాతం. బయట మామూలుగా కలిసినవాళ్లకు 2.6 శాతం. రోగితో పాటు ఒకే వాహనంలో దగ్గర దగ్గరగా కూర్చుని ఆరు గంటలో, అంతకు మించో ప్రయాణించినవాళ్లకు మాత్రం 79.3 శాతం! ఈ చివరి లెక్క 78 మందిది మాత్రమే కాబట్టి ఖచ్చితంగా అంతేనని పట్టుబట్టలేం. అయినా తేడా ఎంత పెద్దదో చూడండి. ఇంకోటి: బాధితుల్లో 71 శాతం మంది నుంచి వాళ్లతో మెలిగినవారిలో ఒక్కరికీ సోకినట్టు కనబడలేదు. కొత్తగా సోకిన కేసుల్లో 60 శాతం కేవలం 8 శాతం మంది నుంచే వచ్చాయి. అంటే రోగం అందరి నుంచీ సమానంగా పాకదు. గాలి ఆడని చోట, ఎక్కువసేపు, ఒకరినొకరు ఆనుకుని ఉంటే అక్కడ అది విజృంభిస్తుంది. గాలిలో తేలే సూక్ష్మకణాల ద్వారా, మూసిన గదుల్లో మీటరు దాటి కూడా వైరస్‌ సోకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో స్పష్టంగా చెప్పింది.

ఇప్పుడు మన కూలి మనిషి రోజును ఈ లెక్కల పక్కన పెట్టి చూడాలి. పత్తి తీసేటప్పుడు, మిరపకాయ కోసేటప్పుడు ఆడవాళ్లు సాలుకొకరుగా, ఆరుబయట, ఎండలో, గాలిలో ఉంటారు. పొలం పని మొదటి నుంచీ దూరం పాటిస్తూనే ఉంది. ప్రమాదమంతా తెల్లవారుజామున ఆటో ఎక్కినప్పుడు మొదలవుతుంది. ముగ్గురు పట్టే బండిలో పది మందికి పైగా, మోకాళ్లు తగిలేలా, చలికి పరదాలు దించుకుని పోతారు. ఆదోని నుంచి వలస వచ్చేవాళ్లదైతే రాత్రంతా సాగే ప్రయాణం. పొలిమేరలో వేసిన కంప ఆ బండిలో కావాల్సిన దూరాన్ని ఎలా ఇస్తుంది?

కూరగాయల సంతల్ని ఇరుకు బజార్ల నుంచి బడి మైదానాలకు మార్చడం ఆ రోజుల్లో జరిగిన మంచి పని. దూరంగా నిలబడటానికి ముగ్గుతో వేసిన గడుల కన్నా ఆరుబయటి గాలే ఎక్కువ కాపాడిందని నా నమ్మకం. అదే సమయంలో దుకాణాల వేళలు కుదించి జనాన్ని ఒకేసారి తోసుకునేలా చేశాం. 2020 మే 4న మద్యం దుకాణాలు తెరిచిన రోజు క్యూలు అందరం చూశాం. వేళ తగ్గిస్తే గుంపు పెరుగుతుంది. ఈ చిన్న సంగతి ఉత్తర్వులు రాసేవాళ్లు ముందే ఆలోచించాల్సింది.

దూరం పాటించడం తొందరగా మొదలుపెట్టడమూ ముఖ్యమే. 1918 ఫ్లూలో ఫిలడెల్ఫియా ఊరేగింపు జరుపుకుంది; సెయింట్‌ లూయిస్‌ బళ్లు, సినిమా హాళ్లు త్వరగా మూసింది. రోగం ఉధృతంగా ఉన్న వారంలో సెయింట్‌ లూయిస్‌ మరణాల రేటు ఫిలడెల్ఫియా రేటులో దాదాపు ఎనిమిదో వంతే. కానీ మూసివేత ఎన్నాళ్లు సాగుతుందనేది కూలి డబ్బుల మీద ఆధారపడి ఉంటుంది. పూట కూలి పోతే దగ్గొచ్చినా దాచుకుని పనికొస్తారు. పైగా మిర్చి ఘాటుకు యార్డులో హమాలీలకు దగ్గూ, తుమ్మూ మామూలే; రోగపు దగ్గు ఏదో ఎవరు పోల్చగలరు?

అందుకే అడగాల్సింది మీటర్ల దూరం కాదు. కూలీల ముఠాకు ఒక ఆటో బదులు రెండు ఆటోలు, జ్వరం వచ్చినవాళ్లకు కొన్నాళ్ల కూలి. రెండో ఆటో బాడుగ రైతు మీదో, మేస్త్రి మీదో పడితే ఎవరూ పెట్టరు. అంటువ్యాధి కాలంలో దాన్ని ప్రభుత్వం భరించాలి. వచ్చే జనవరిలో కోతలు మొదలయ్యేలోపు కలెక్టరేట్లలో లెక్క వేయదగ్గ ఖర్చే ఇది.