పెరుగు పులిసిపోతోందా?

ధర్మపురి ఎండల్లో రాత్రి తోడు పెట్టిన పెరుగు సహరీ వేళకే పులిసిపోతుంది. పాలను నిందించకండి. పాలు బాగా కాచి, గోరువెచ్చగా (40–45 డిగ్రీలు) ఉన్నప్పుడు లీటరుకు అర చెంచా తియ్యటి పెరుగు కలపండి. చలికాలంలో ఒక చెంచా వేసి, గిన్నెకు గుడ్డ చుట్టండి. మరీ వేడిపాలల్లో తోడు చచ్చిపోతుంది. పెరుగు తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి.

మట్టిగిన్నె శ్రేష్ఠం, నీరు పీల్చుకుని పెరుగు గట్టిగా వస్తుంది. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెలు మాత్రం వద్దే వద్దు. పులుపుకు రాగి కరిగి పెరుగులో చేరుతుంది, వాంతులు, కడుపునొప్పి పట్టుకుంటాయి. పెళ్లి దావత్‌లో రైతా కలిపే పెద్ద గిన్నెలూ ఒకసారి చూసుకోండి.

యునానీలో పెరుగు మిజాజ్ సర్ద్‌-తర్, అంటే చలవ, తేమ. బల్గం, దగ్గు ఉన్నవారు రాత్రిపూట మానండి. మిగతావారు వేయించిన జీలకర్ర పొడి కలుపుకోండి.