తప్పు దాచుకుంటే లెక్క రాదు

లెక్కల పీరియడ్‌లో వెనుక బెంచీ మీద తల వంచుకుని కూర్చునే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వారికి తెలివి లేక కాదు. బోర్డు వద్ద తప్పు వేస్తే నలుగురూ నవ్వుతారన్న భయం. పక్కవారి నోటుపుస్తకం చూసి జవాబు ఎక్కించుకుంటారు. జవాబు వస్తుంది గాని లెక్క రాదు. పదో తరగతి దాటగానే గణితానికి సలాం చెప్పేస్తారు. మేము చూసినంతలో వీరిలో ఆడపిల్లలే ఎక్కువ.

ఈ భయాన్ని తగ్గించే సాధనం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. పేరు జియోజెబ్రా. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో దీనికి శ్రీకారం చుట్టారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు ఉచితంగా వాడుకోవచ్చు. టీచర్ ఇచ్చిన కోడ్‌తో పిల్లలందరూ ఒకే పాఠంలోకి వస్తారు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో టీచర్ తెరపై అప్పటికప్పుడే కనిపిస్తుంది. పేర్లు దాచి, ఒకరి పనిని తరగతి మొత్తానికి చూపవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో ఇచ్చిన లెక్క ఇది. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్య 10 రెట్లు కలిపితే 39. ఆ సంఖ్య ఎంత? ఆయన దీనిని బొమ్మతో నిరూపించారు. ఒక చతురస్రం గీసి, ఆనుకుని ఉన్న రెండు భుజాల వెంట 5 వెడల్పున రెండు దీర్ఘచతురస్రాలు చేర్చాలి. ఒక మూల ఖాళీగా మిగులుతుంది. దానిని నింపడానికి 25 కావాలి. 39కి 25 కలిపితే 64. అంటే పెద్ద చతురస్రం భుజం 8. అందులో 5 తీసివేస్తే 3.

మేము ఈ బొమ్మను పిల్లలచేత చేయించినప్పుడు ఒకరు మూలలో 25కి బదులు 100 వేశారు. పేరు చూపకుండా దానిని అందరి ముందు పెట్టాము. ఎవరూ నవ్వలేదు. "మూల 5కి 5 కదా సార్, 100 ఎలా అవుతుంది?" అన్నది ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి. ఆ 100 వేసింది తానేనని పీరియడ్ అయ్యాక మెల్లగా చెప్పింది.

ఇది మనకు కొత్త పద్ధతేమీ కాదు. మదర్సాలలో పాఠం ముగిశాక విద్యార్థులు కలిసి కూర్చుని ఒకరికొకరు తిరిగి చెప్పుకుంటారు. దానినే తక్రార్ అంటారు. పొరపాటు అక్కడే బయటపడుతుంది, అక్కడే సరి అవుతుంది. మహా గణితవేత్తలూ ఇదే చేశారు. 2009లో కేంబ్రిడ్జి ఆచార్యుడు టిమోతీ గవర్స్ ఒక కఠిన సమస్యను ఇంటర్నెట్‌లో అందరి ముందు పెట్టగా, పలువురు తమ అసంపూర్ణ ఆలోచనలను సైతం దాచుకోకుండా పంచుకున్నారు. కొన్ని వారాలలోనే దారి దొరికింది.

అయితే సాధనం దానంతట అది చదువు చెప్పదు. ముందు ఎవరికి వారు కాగితం మీద ప్రయత్నించాలి. ఆ తరువాతే తెర. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉంటే అది కొడుకు చేతిలోనే ఉండిపోకూడదు, కూతురి చదువుకూ ఒక గంట కేటాయించాలి. సాయంత్రం పిల్లలను "ఎన్ని మార్కులు వచ్చాయి?" అని అడిగే ముందు, "బేటీ, ఈరోజు ఎక్కడ తప్పు పోయింది, ఎలా దిద్దుకున్నావు?" అని అడిగి చూడండి.