పొగ మానేవారికి తోడ్పాటు: కార్యాలయాల బాధ్యత

ధూమపానం మానివేయాలన్న కోరిక చాలామందిలో ఉన్నది. 2016-17లో నిర్వహించిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం, దేశంలోని పెద్దలలో 10.7 శాతం మంది పొగ త్రాగుతుండగా, వారిలో సగానికి పైగా మానాలన్న ఆలోచనను వ్యక్తం చేశారు. అయితే ఈ వ్యసనం నుండి బయటపడడానికి సంకల్పం ఒక్కటే చాలదు. ముందస్తు ప్రణాళిక, ఇతరుల తోడ్పాటు కూడా అవసరం.

ఖైరతాబాద్‌లోని విద్యుత్ సౌధ, ఎర్రమంజిల్‌లోని జలసౌధ, నాంపల్లిలోని గృహకల్ప వంటి కార్యాలయ సముదాయాలలో ధూమపానం నిషిద్ధం. 2003 నాటి చట్టం క్రింద రూపొందించిన నిబంధనలు 2008 అక్టోబరు 2 నుండి అమలులోకి వచ్చాయి. ఉల్లంఘించిన వారికి 200 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. హెచ్చరిక ఫలకం ఏర్పాటు చేయడం కార్యాలయ బాధ్యుల విధి. కాని నిషేధం పొగను భవనం వెలుపలికి పంపగలదే తప్ప అలవాటును మాన్పించలేదు. విరామ సమయంలో చాయ్ బండి వద్ద సహోద్యోగి అందించే సిగరెట్టే మానినవారికి అసలు పరీక్ష.

ఉచిత ఫోన్ సలహా

పొగాకు మానదలచిన వారికోసం 2016లో కేంద్ర ప్రభుత్వం 1800-11-2356 నంబరుతో ఉచిత సహాయ కేంద్రాన్ని ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థలో నెలకొల్పింది. తదుపరి బెంగుళూరులోని నిమ్హాన్స్ కూడా ఇందులో చేరడంతో తెలుగులోనూ సలహాలు లభిస్తున్నాయి. మానే తేదీ నిర్ణయించుకున్న వారికి సలహాదారులే తిరిగి ఫోన్ చేసి ధైర్యం చెబుతారు. 2018 సెప్టెంబరు 1 నుండి ఈ నంబరును పొగాకు ప్యాకెట్లపై ముద్రించడం తప్పనిసరి అయినది.

పాటించవలసిన పద్ధతులు

మానే తేదీని ముందుగా నిర్ణయించుకుని కుటుంబ సభ్యులకు, సహోద్యోగులకు తెలియజేయాలి. ఏయే వేళల్లో, ఎవరితో ఉన్నప్పుడు పొగ త్రాగాలనిపిస్తుందో వ్రాసుకోవాలి. కోరిక సాధారణంగా కొద్ది నిమిషాలలో తగ్గిపోతుంది గనుక ఆ సమయంలో మంచినీరు త్రాగడం, కాసేపు నడవడం, మిత్రునికి ఫోన్ చేయడం మేలు. చిరాకు, నిద్రలేమి మొదటి వారంలో ఎక్కువగా ఉండి క్రమేణా తగ్గుతాయి. అవసరమైతే వైద్యుల సలహాపై నికోటిన్ చూయింగ్ గమ్ వాడవచ్చు. ఈ-సిగరెట్లు 2019 నుండి దేశంలో నిషిద్ధం. మానిన తర్వాత ఒకసారి తడబడినా తిరిగి ప్రయత్నించాలి.

మానిన ఏడాదికి గుండెపోటు ముప్పు పొగ త్రాగేవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. నాంపల్లికి చేరువలోనే, రెడ్‌హిల్స్‌లో, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. అక్కడికి వెళ్ళవలసిన అవసరం రాకముందే మానడం శ్రేయస్కరం.

కార్యాలయ అధిపతులు నిషేధ ఫలకం ప్రక్కనే సహాయ నంబరును కూడా ప్రదర్శించి, పాత్రికేయులు పొగాకు వార్తల చివర దానిని ప్రచురించిన యెడల, మానదలచిన వారికి దారి చూపినవారగుదురు.