డీజిల్ ఎస్‌యూవీకి కొత్త ఎగ్జాస్ట్: ఏది మార్చొచ్చు, ఏది ముట్టుకోకూడదు?

జంషెడ్‌పూర్‌లో పైపు వంచి వెల్డింగ్ చేయించుకోవడం పెద్ద పని కాదు. 1912లో టాటాల తొలి ఉక్కు తయారైన ఊరు ఇది. 1945లో టెల్కోగా మొదలైన నేటి టాటా మోటార్స్ ట్రక్కుల కర్మాగారం, 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ డీజిల్ ఇంజిన్ల సంస్థ ఇక్కడే ఉన్నాయి. పక్కనున్న ఆదిత్యపూర్‌లో వాహన విడిభాగాల యూనిట్లకు కొదవే లేదు. ఈ పరిశ్రమల్లో పనికి వచ్చి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఎన్నో. అందుకే ఎస్‌యూవీకి మరో ఎగ్జాస్ట్ పెట్టిద్దామనుకుంటే ఇక్కడ చేసిపెట్టేవాళ్లు దొరుకుతారు. తేల్చుకోవాల్సింది మాత్రం దాంతో లాభమెంత, నష్టమెంత అన్నదే.

పొగగొట్టం కాదు, ఇంజిన్‌లో భాగం

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. బీఎస్-4లో డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల వరకు మసి వదలొచ్చు. బీఎస్-6లో ఆ పరిమితి 4.5 మిల్లీగ్రాములే. అందుకే టర్బో తర్వాత ఆక్సిడేషన్ క్యాటలిస్ట్, మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్, కొన్ని మోడళ్లలో యూరియా ద్రావణంతో పనిచేసే ఎస్‌సీఆర్ వచ్చి చేరాయి. ఇంజిన్‌కు ఎంత డీజిల్ పంపాలో నిర్ణయించేటప్పుడు ఈసీయూ వీటి మధ్య ఉండే ఉష్ణోగ్రత, పీడనం సెన్సర్లు చెప్పే లెక్కను కూడా చూసుకుంటుంది. కాబట్టి ముందు భాగంలో ఏది కదిపినా ఆ ప్రభావం ఇంజిన్ మీద పడుతుంది.

పవర్ పెరుగుతుందా?

వెనుక సైలెన్సర్ ఒక్కటే మారిస్తే తేడా దాదాపు కనిపించదు. టర్బో డీజిల్‌లో పొగకు ప్రధానంగా అడ్డు తగిలేవి టర్బో, ఫిల్టర్లు. చివరన ఉండే డబ్బా పాత్ర తక్కువ. ఫిల్టర్ ఉంటే పవర్ తప్పకుండా తగ్గుతుందన్నదీ నిజం కాదు. టాటా హారియర్ 2019లో 140 పీఎస్ ఇంజిన్‌తో వచ్చింది. 2020లో బీఎస్-6కు మారాక అదే 2 లీటర్ల డీజిల్ 170 పీఎస్ ఇచ్చింది.

ఇక శబ్దం సంగతి. డీజిల్ ఇంజిన్‌కు పెట్రోల్ స్పోర్ట్స్ కారు గొంతు రాదు. ఖాళీ పైపు పెడితే హైవే వేగంలో క్యాబిన్‌లో ఒకటే హోరు. బహరాగోరా, బాలాసోర్, భువనేశ్వర్ మీదుగా శ్రీకాకుళం వెళ్లే రోజంతా ప్రయాణంలో వెనుక సీట్లోని పిల్లలకు, పెద్దలకు అది శిక్షే.

డీపీఎఫ్ తీసేస్తే?

'డీపీఎఫ్ డిలీట్' పేరిట ఫిల్టర్ తీసి, ఈసీయూ ప్రోగ్రామ్ మార్చే పద్ధతి ఒకటుంది. దీనికి ఒప్పుకోకపోవడమే మంచిది. ఫిల్టర్ పట్టాల్సిన మసి అంతా వీధిలోకి వస్తుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ 2012లోనే ప్రకటించింది. పీయూసీ పరీక్షలో గట్టెక్కినా సంబరపడక్కర్లేదు. ఆ యంత్రం కొలిచేది పొగ నలుపునే తప్ప కంటికి కనిపించని సూక్ష్మ కణాలను కాదు. అతుకు సరిగా పడకపోతే అడుగు నుంచి విషవాయువు క్యాబిన్‌లోకి చేరే ప్రమాదమూ ఉంది.

చట్టం కూడా ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే తొలిసారికే మూడు నెలల వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మూడు నెలలు లైసెన్స్‌పై వేటు కూడా ఉంటుంది. వారంటీ, బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడటం అదనం.

అయితే ఏం మార్చొచ్చు?

ఫిల్టర్ల తర్వాతి పైపు, సైలెన్సర్ తుప్పు పట్టినా, పగిలినా మార్చుకోవడంలో తప్పులేదు. కంపెనీ విడిభాగం మొదటి ఎంపిక. బయటిది కొంటే శబ్దం, పైపు వ్యాసం అసలు దానితో సమానంగా ఉండాలి. మామూలు ఇనుప పైపు వానల్లో త్వరగా తుప్పు పడుతుంది. దాదాపు 11 శాతం క్రోమియం ఉండే 409 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ ధరకు తగ్గ మన్నిక ఇస్తుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం ఇంకా మన్నికైనది, ఖరీదూ ఎక్కువే. బిగించాక హీట్ షీల్డులు తిరిగి పెట్టారో లేదో, డీజిల్ ట్యాంకుకు, స్పేర్ చక్రానికి పైపు తగినంత దూరంలో ఉందో లేదో చూడాలి.

బండి మందగించిందా?

చాలామందికి ఎగ్జాస్ట్ మార్చాలనిపించేది బండి లాగడం తగ్గినప్పుడే. కానీ ఊళ్లో తిరిగే బండికి అసలు కారణం తరచూ నిండిపోయిన డీపీఎఫ్. కద్మా నుంచి బిష్టుపూర్‌కో సాక్చికో వెళ్లివచ్చే చిన్న ప్రయాణాల్లో ఎగ్జాస్ట్ వేడెక్కదు. ఫిల్టర్‌లోని మసి కాలిపోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. డీపీఎఫ్ లైటు వెలిగితే పట్టించుకోకుండా వదిలేయొద్దు. మాన్యువల్‌లో చెప్పినట్లు రాంచీ రోడ్డు లాంటి హైవే మీద 15-20 నిమిషాలు ఆగకుండా నడిపితే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. తీరకపోతే సర్వీస్ సెంటర్‌లో మసిని కాల్పించాలి. డీపీఎఫ్ ఉన్న ఇంజిన్‌కు తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే వాడాలి.

కొత్త సైలెన్సర్‌కు డబ్బు తీసే ముందు స్కానర్‌తో డీపీఎఫ్‌లో మసి ఎంతుందో చూపించుకోవడం తెలివైన పని. చాలా బండ్లకు కావాల్సింది కొత్త పైపు కాదు, అప్పుడప్పుడూ ఒక మంచి హైవే ప్రయాణం.